నల్ల కోటు కాజాలు

మా ఆయన్ని వకీళ్ళందరూ కోటు మాస్టారు అని పిలుస్తారు. కోటంతా మిషను మీద కుట్టినా కాజాలు మాత్రం చేత్తోనే కుడతారు. మిషను కాజా ఆరు నెలలకే పోగులు లేచి పిల్లి మీసాల్లా నిలబడుతుందని ఆయన మాట. ముప్ఫై ఏళ్ళుగా మెడ వంచి, ఒళ్ళో బట్ట పెట్టుకుని, నల్ల గుడ్డ మీద నల్ల దారంతో కుట్టారు. చివరికి ఆ మెడే మొరాయించింది.

మొదట భుజం నొప్పి అన్నారు. తర్వాత కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు తిమ్మిరెక్కాయి. సూది గుచ్చుకుని నెత్తురు వచ్చినా తెలియని రోజు ఆసుపత్రికి వెళ్ళాం.

డాక్టరు స్కానింగ్ ఫిల్మును దీపం పెట్టెకు అంటించి చూపించారు. మెడలో రెండు ఎముకల మధ్య ఉండే మెత్తటి డిస్కు పక్కకు ఉబ్బి, చేతికి వెళ్ళే నరాన్ని నొక్కుతోందట.

"ఆపరేషన్ చేసి ఆ డిస్కు తీసేసి ఎముకల్ని కలిపెయ్యొచ్చు. లేదా మందులు, మెడకు కాలరు పట్టీ, ఫిజియోథెరపీతో ఆగి చూడొచ్చు. చాలామందికి ఆగితేనే తగ్గిపోతుంది. కానీ ఒక్కటి గుర్తుంచుకోండి. నొప్పికి భయపడకండి, వేళ్ళ పట్టు తగ్గితే భయపడండి. ఆ వెంటనే నా దగ్గరికి రావాలి. నరం ఎక్కువకాలం నలిగితే, తర్వాత నేను కోసినా ఆ బలం తిరిగి రాకపోవచ్చు."

"పట్టు తగ్గిందని నాకెట్లా తెలుస్తుందండీ?"

"భలేవారే మాస్టారూ! మీ కుట్టు చూసుకుంటే తెలియదా?"

ఆపరేషన్ మెడ ముందువైపు నుంచి చేస్తారని, కొందరికి కొన్నాళ్ళు గొంతు బొంగురుపోతుందని కూడా చెప్పారు. ఆ తర్వాత చెప్పినవేవీ నేను సరిగ్గా వినలేదు.

సంగతి తెలిసి మా వదిన, అంటే ఆయన అక్క, వచ్చింది. "ఒరేయ్, మెడ మీద కత్తి పెడితే పారిపోయేవాళ్ళని చూశాను గానీ, ఎదురెళ్ళి పెట్టించుకునేవాణ్ణి నిన్నే చూస్తున్నా."

"ఇంకా పెట్టించుకోలేదక్కా. ముందు నువ్వు నాకు ఎదురుగా వచ్చి తిట్టు. అటు తిరగలేను."

ఆవిడ నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

వారం రోజులు ఆలోచించి ఆయన తేల్చారు. "ఆగి చూస్తాను. రోజూ పొద్దున్నే నా కాజాలు నేనే చూసుకుంటాను. ఒక్కటి చెడినా సరే, వెళ్ళి కోయించుకుంటాను." నేను హమ్మయ్య అనుకున్నాను.

కాలరు పెట్టుకుంటే తల వంగదు. బట్టను కళ్ళ ఎత్తుకు లేపి పట్టుకుందామంటే చెయ్యి లాగేది. అందుకని చూడకుండా, ముప్ఫై ఏళ్ళ అలవాటు మీదే ఒళ్ళో కుట్టేవారు. మధ్యాహ్నం కాజాలు కుట్టి, కోటు హ్యాంగరుకు తగిలించి, నాలుగింటికి ఫిజియోథెరపీకి వెళ్ళేవారు. అక్కడ మెడకు బరువులు కట్టి లాగేవారు. వచ్చేసరికి చీకటి పడేది. దీపం వెలుగులో నలుపు మీద నలుపు తేలదు. అందుకే పరీక్ష మర్నాడు పొద్దున కిటికీ దగ్గరే.

గుండీలు కుట్టే పని మొదటినుంచీ నాదే. ఆయన వెళ్ళాక కోటు దించేదాన్ని. రెండోవారంలో ఒకరోజు మూడో కాజా చూసి చెయ్యి ఆగిపోయింది. ఒక పోగు పొడుగు, ఒకటి పొట్టి. మూల వదులుగా ఉంది, వేలు పెడితే పక్కకు జరిగింది. అది ఆయన కాజా కాదు. నేర్చుకునేవాళ్ళు మొదటి నెలలో కుట్టే కాజా అది.

కొత్తగా కాలరు పెట్టుకున్నారు, చూడకుండా కుట్టారు, అలవాటైతే సర్దుకుంటుందని నాకు నేనే చెప్పుకున్నాను. ఆయన చేతి పనితీరు నేను పదేళ్ళుగా పక్కన కూర్చుని చూస్తున్నదే. బ్లేడుతో పోగులు విప్పి, కుట్టుకీ కుట్టుకీ మధ్య ఆయన వదిలే ఎడమే వదులుతూ, ఆయన వేసే ముడే వేస్తూ తిరిగి కుట్టాను. ఈ ఒక్కటే అనుకున్నాను.

మర్నాడు ఆయన కోటును కిటికీ ఊచకు తగిలించి చాలాసేపు చూశారు.

"ఇది చెడిందనుకున్నానే! కుడుతున్నప్పుడు సూది ఎటు పోతోందో తెలియలేదు. చూశావా, వేళ్ళకి తిమ్మిరే గానీ బుద్ధి ఎక్కడికీ పోలేదు."

"మీ వేళ్ళకున్న బుద్ధి మీకుంటే ఇంకా బాగుండును," అన్నాను. ఆయన పెద్దగా నవ్వారు. చాలా రోజుల తర్వాత ఆ మధ్యాహ్నం అడిగి మరీ రెండోసారి అన్నం పెట్టించుకున్నారు.

ఆ నవ్వు కోసం మర్నాడు రెండు కాజాలు విప్పాను. ఆ పైవారం మూడు. ఆరో వారానికి వచ్చేసరికి ఆ కోట్ల మీద ఆయన కుట్టిన కాజా ఒక్కటీ మిగల్లేదు.

ఆరు వారాల తర్వాత మళ్ళీ రమ్మని డాక్టరు చెప్పారు. ఆ రోజు ఆయన ఒక కోటు సంచీలో పెట్టుకుని బయల్దేరారు. డాక్టరు ఆయన బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కాగితం పెట్టి లాగారు. జారి వచ్చేసింది.

"పట్టు కొంచెం తగ్గినట్టుందే. పనిలో తేడా ఏమైనా?"

"మీరే చూడండి." ఆయన కోటు తీసి బల్ల మీద పరిచారు.

డాక్టరు కళ్ళజోడు పైకెత్తి కాజాల్ని ఒక్కొక్కటే తడిమి చూశారు. "నా కుట్లు కూడా ఇంత శుభ్రంగా ఉండవు మాస్టారూ! సరే, మరో నెల చూద్దాం." తర్వాత నా వైపు తిరిగారు. "ఏమ్మా, ఇంట్లో చూసేది మీరు. ఏమంటారు?"

ఆయన కూడా నా మాట కోసమే చూస్తున్నారు. ఆ ముఖంలో ఎంత గర్వం!

"బాగానే కుడుతున్నారండీ," అన్నాను.

పందొమ్మిది రోజులకు, గుడ్డ కత్తిరిస్తుండగా పెద్ద కత్తెర ఆయన చేతిలోంచి జారి పడింది. తీయబోతే వేళ్ళు మూసుకోలేదు. ఎడమ చేత్తో తీసి బల్ల మీద పెట్టి, "పద," అన్నారు.

డాక్టరు ఈసారి నవ్వలేదు. బొటనవేలి కింది కండను నొక్కి చూశారు. "ఇంక ఆగకూడదు. రేపే చేస్తాను. ఉన్నది పోకుండా ఆపగలను. పోయింది వస్తుందని మాత్రం మాటివ్వలేను. మొన్న వచ్చినప్పుడే చేసుంటే..."

"అప్పుడు బాగానే ఉంది కదండీ! కోటు చూశారుగా మీరు!" అన్నారు ఆయన.

దానికి జవాబు ఉన్నది నా దగ్గర.

నడవాలో బెంచీ మీద కూర్చున్నాక చెప్పాను. మొదటి కాజా నుంచి చెప్పాను. బ్లేడు సంగతి, ఆయన వేసే ముడి నేను వెయ్యడం, ఏదీ దాచలేదు. ఎదురుగా ఎవరో చక్రాల కుర్చీ తోసుకుంటూ వెళ్ళారు. ఆయన ఆ చక్రాల వైపే చూస్తూ విన్నారు.

"అన్నీనా?" అన్నారు చివరికి.

"ఆరో వారం నుంచీ అన్నీ."

"నేను రోజూ కిటికీ దగ్గర నిలబడి చూసింది..."

"నా కుట్టే."

ఆయన ఎడమ చేత్తో కుడి చేతిని ఒళ్ళోకి తీసుకున్నారు. "ఆగాలా, కోయించుకోవాలా అని ఎంత ఆలోచించాను! ఒక్కటి చెడినా వెళ్తానన్నాను కదా. ఆ ఒక్కటీ నాకు చూపించకపోతివి."

"మీరు కుంగిపోతారని..."

"కుంగిపోయేవాణ్ణే. కుంగిపోయి ఇక్కడికి వచ్చేవాణ్ణి." గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది.

మర్నాడు పొద్దున నర్సు కాగితాలు తెచ్చింది. ఆపరేషన్ వల్ల రాగల ఇబ్బందులన్నీ వాటిలో వరసగా ఉన్నాయి. అడుగున రెండు సంతకాలు కావాలి, ఒకటి ఆయనది, ఒకటి ఇంటివాళ్ళది. ఆయన పెన్ను పట్టుకోబోయారు. అది వేళ్ళ మధ్య నిలవలేదు. రెండుసార్లు దుప్పటి మీద పడింది. మూడోసారి తీసి నా వైపు చాపారు.

"నువ్వే పెట్టెయ్. నాలాగా చెయ్యడం నీకు వచ్చుగా."

నర్సు అది సరసమనుకుని నవ్వింది. "అలా కుదరదు బాబాయ్ గారూ. ఎడమచేతి వేలిముద్ర చాలు," అంటూ సిరా డబ్బా ముందుకు జరిపింది.

ఆయన వేలు అద్ది కాగితం మీద ఒత్తారు. దాని కింది గీత మీద నేను నా పేరు రాశాను. ఒక్కో అక్షరం విడిగా, చదివితే తెలిసేలా రాశాను.

ఆపరేషన్ గది తలుపు దాకా స్ట్రెచరు పక్కనే నడిచాను. మెడ తిప్పలేరు కాబట్టి నా వైపు చూడలేదని అనుకోవచ్చు. కానీ కళ్ళు తిప్పడానికి మెడతో పని లేదు.