పొల్లుపోకుండా చెప్పాను

"ఇవాళ చేతులు కాస్త తక్కువ ఊపు. జనం నన్ను వదిలేసి నిన్నే చూస్తున్నారు" అన్నారు మా ఆయన, నేను ఆయన తెల్లచొక్కా ఇస్త్రీ చేస్తుంటే. ఆయన పాస్టరు. ఆదివారం ఆయన వాక్యం చెబుతుంటే పక్కన నిలబడి, ముందు వరసలో కూర్చున్న వినపడని వాళ్ళకి ఆ మాటల్ని సైగల భాషలో చెప్పడం నా పని. జీతం లేదు. "దేవుడిచ్చిన తలాంతు తల్లీ, ఆయనిచ్చిన నేర్పు ఆయనకే వాడాలి" అంటుంది అత్తయ్య. ఆరాధన అయ్యాక ఇంటికొచ్చే పాతికమందికి వండటమూ తలాంతే, గిన్నెలు తోమడమూ తలాంతే. ఆవిడ లెక్కలో నాకు లేని తలాంతు కాసేపు కూర్చోవడం ఒక్కటే.

అయినా ఆ సైగల పనంటే నాకు ప్రాణం. మా అక్కకి పుట్టుకతో వినపడదు. నోట మాట సరిగ్గా రాకముందే దానితో సైగలు నేర్చుకున్నాను. అందులో నాదొక నియమం ఉంది. ఎదుటివాళ్ళ మాటలో నా మాట కలపకూడదు, కలిపితే దొంగతనం. దేవుడి ముందు నేను గర్వపడింది ఆ నిజాయితీకే. ఆ గర్వం కొంప ముంచింది, నాది కాదు, ఇంకొకరిది.

మూడు నెలల క్రితం, బేకరీలో పనిచేసే అమ్మాయి, తనకీ వినపడదు, ఆరాధన అయ్యాక మా ఆయన గదిలోకి వచ్చింది. బుగ్గ మీద వాపు చూపించి, "మా ఆయన కొడుతున్నాడు. ఇల్లు వదిలి పోనా?" అని సైగ చేసింది. ఆయనకి చెప్పాను. "ఓర్చుకోమను. ప్రార్థన చేసుకుని ఇంటికెళ్ళమను. అతనే మారతాడు" అన్నారు ఫోను చూసుకుంటూ. ఆ మాట నాకు నచ్చలేదు. కానీ ఒక్క మాట పొల్లుపోకుండా చెప్పాను. ఎంత చక్కగా చెప్పానంటే ఆ పిల్ల కళ్ళు తుడుచుకుని, బుద్ధిగా తల ఊపి వెళ్ళిపోయింది. వారం తిరక్కుండా వాడు కుడిచెయ్యి విరిచాడు. మనకైతే అది చెయ్యే. ఆ పిల్లకి నోరు కూడా అదే.

"ప్రభువా, నువ్విచ్చిన చేతులతోనే దాన్ని మళ్ళీ వాడి దగ్గరికి తోశాను" అని ఎన్నిసార్లు ఏడ్చానో. మా ఆయనతో అంటే, "నేను చెప్పమన్నదే కదా నువ్వు చెప్పావు. మధ్యలో నీకెందుకు బాధ?" అన్నారు. అయ్యో, నా బాధే అది!

ఇవాళ ఆ అమ్మాయి మళ్ళీ వచ్చింది. కట్టు విప్పారు గానీ వేళ్ళు ఇంకా సరిగ్గా ముడుచుకోవడం లేదు. ఎడమచేత్తో తడబడుతూ, "ఇన్నాళ్ళూ స్నేహితురాలి ఇంట్లో ఉన్నాను. మా ఆయన వచ్చి ఏడ్చాడు, రమ్మంటున్నాడు. వెళ్ళనా?" అని అడిగింది.

"వెళ్ళమను. క్షమించాలి కదా" అన్నారు మా ఆయన.

ముందు ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పి, అది ఆయన మాట అని ఆయన వైపు చూపించాను. తరవాత నా గుండె మీద వేలు పెట్టుకుని ఇంకొంత చెప్పాను. ఆ పిల్ల నన్నే చూస్తూ భోరున ఏడ్చింది.

"నేనన్నవి రెండు ముక్కలు. ఇంతసేపు ఏం చెప్పావు?" అన్నారాయన.

"మీరు వెళ్ళమన్నారని చెప్పానండి. నేను వెళ్ళొద్దన్నానని, మన ఇంటికొచ్చి ఉండమన్నానని కూడా చెప్పాను."