చిన్నతల్లి చెరిపేసిన మెసేజ్

‘డిలీటైన మెసేజ్‌లు తిరిగి తీయబడును’ అని మా షాపు ముందు బోర్డు పెట్టినవాణ్ణి చెప్పుతో కొట్టాలి. పెట్టింది నేనే. శ్రీకాకుళంలో అందరి చేతుల్లోకీ స్మార్ట్‌ఫోన్లు వచ్చిన కొత్తలో, ఏడురోడ్ల జంక్షన్ దగ్గర సెల్ రిపేరు షాపు నాది. ఫోన్లు బాగుచెయ్యడం నా పని అనుకున్నాను. ఆ బోర్డు పెట్టాక కాపురాలు పాడుచెయ్యడం కూడా నా పనే అయింది. పెళ్లాం ఎవరికేం రాసిందో తీయమని మొగుడు వస్తాడు, మొగుడు ఏం దాచాడో తీయమని పెళ్లాం వస్తుంది. నిప్పు లేనిదే పొగ రాదు కదండీ అంటారు. నా దగ్గర నిప్పూ లేదు, పొగా లేదు, పొమ్మని తిట్టి పంపేవాణ్ణి. కౌంటర్లో రీచార్జులు చేసే మా ఆవిడ రూబీ, “కాస్త నోరు అదుపులో ఎట్టుకోండి, వచ్చిన బేరం కూడా పోతాది” అని సణుగుతుండేది.

డిసెంబరులో ఒకరోజు పొద్దున్న షాపుకి క్రిస్మస్ నక్షత్రం కడుతున్నాను. ఒక ముసలాయన, వెనకాల పాతికేళ్ల అమ్మాయి వచ్చారు. ఆ అమ్మాయి ఫోన్‌ని రెండు చేతులతో గుండెకి అదుముకుని ఉంది. అలా పట్టుకునేవాళ్లు ఏ పనిమీద వస్తారో నాకు తెలుసు.

“ఏటమ్మా, మీ ఆయన మీద అనుమానమా?” అన్నాను స్టూలు దిగకుండానే.

“అనుమానం నాకు కాదు బాబూ, ఊరికి. మా ఆయన పోనాడని ఊరంతా అంటన్నాది. పోలేదని నానంటన్నాను.”

స్టూలు దిగాను. రూబీ నావైపు చూసిన చూపు ఇక్కడ చెప్పను.

వాళ్లది శ్రీకూర్మం దాటాక సముద్రం ఒడ్డున ఉన్న పల్లె. ముసలాయన పేరు సూరయ్య, ఆ అమ్మాయి కోడలు చిన్నతల్లి. సూరయ్య కొడుకు ఎర్రయ్య ఏటా గుజరాత్‌లోని వేరావల్ వెళ్లి అక్కడి బోట్లలో చేపలవేట చేస్తాడు. ఆ పల్లెల్లో సగంమంది మగాళ్లు చేసే పనే అది. ఆ నెలలో పడమటి సముద్రంలో తుపాను వచ్చింది. ఎర్రయ్య పనిచేసే సాగర్‌మోతీ అనే బోటు మునిగిపోయింది. అందులోవాళ్లెవరూ మిగల్లేదని కబురొచ్చింది.

“రేపు దీని గాజులు తియ్యాలని పెద్దలు కూకుని అనుకున్నారు బాబూ. ఇది సెయ్యి ఇవ్వనంతాది” అన్నాడు సూరయ్య. “ఆడు బోటు మారినాడంట. మెసేజ్ ఎట్టినాడంట. ఏదీ సూపించంటే తీసీసినానంతాది. నాకైతే, దుఃఖంలో దీనికి మతి సెదిరిందని భయంగా ఉన్నాది.”

“నాకు మతి బాగానే ఉన్నాది మావా!”

“మరి ఏ బోటెక్కినాడే?”

“సదవలేదు.”

అసలు విషయం ఆ అమ్మాయి చెప్పాక అర్థమైంది. సముద్రం మీదికి వెళ్లేవాడు ‘పోతన్నాను’ అనకూడదు. ‘పోయొస్తాను’ అనాలి. ఎర్రయ్య వేటకి బయల్దేరిన ప్రతిసారీ ఆ మాట మెసేజ్ పెడతాడు. ఒడ్డు దగ్గరికొచ్చి సిగ్నల్ తగలగానే ‘వచ్చీసినాను’ అని పెడతాడు. అది రాగానే చిన్నతల్లి ముందుదాన్ని తీసేస్తుంది.

“ఎల్లిన మాట ఇంట్లో అట్టి పెట్టుకోకూడదు బాబూ. వచ్చిన మాటే ఉండాల. ఈసారి పైన ‘బోటు మారి పోతన్నాను’ అని కనిపించినాది. నాకు ఒల్లు మండిపోనాది. ఆ మాట ఫోన్లో ఒక్క నిమిసం కూడా ఉండకూడదని, కింద ఏటున్నాదో సూడకుండానే తీసీసినాను. సరిగ్గా సెప్పించుకుందామని ఫోన్ సేత్తే, అప్పటికే సిగ్నల్ దాటిపోనాడు.”

ఫిషరీస్ ఆఫీసుకి వెళితే బోటు పేరు చెప్పమన్నారట. పేరు తెలియని బోటుని అంత సముద్రంలో ఎవరు మాత్రం ఎక్కడ వెతుకుతారు?

నాకు నవ్వు రాలేదు. మా అమ్మ బాప్టిస్టు చర్చిలో వాక్యం చెబితే పాస్టరుగారే తలవంచుకుని వినేవారు. అంతటి భక్తురాలు కూడా, నాన్న డ్యూటీకి బయల్దేరుతూ ‘వెళ్తున్నా’ అంటే ‘వస్తాననండి’ అని గుమ్మంలో నిలబెట్టేసేది. ఆయన ఆ మాట అన్నాకే దారి వదిలేది.

ఇంతలో చిన్నతల్లి ఫోన్ టింగుమంది. పరామర్శ మెసేజ్. వెనకే ఇంకొకటి, రింగ్‌టోన్ అమ్ముతామంటూ ప్రకటన. నేను కౌంటర్ మీదికి వంగాను.

“ముందు దీనికి సిగ్నల్ ఆపాలి! తీసేసిన మెసేజ్ వెంటనే పోదమ్మా. ఇంటి తలుపు మీద పేరు చెరిపేసినట్టు అంతే, మనిషి లోపలే ఉంటాడు. ఆ ఇంట్లో కొత్తవాళ్లు దిగితేనే పాతవాడు పోతాడు. ఈ వచ్చేవన్నీ కొత్తవాళ్లే.”

చెయ్యి చాపితే ఆ అమ్మాయి ఫోన్ వెనక్కి లాక్కుంది. “ఆపీసినాక ఆయన ఫోన్ సేత్తేనో?”

దానికి జవాబు రూబీ దగ్గర ఉంది. తన బటన్ల ఫోన్లోంచి సిమ్ పీకేసి, చిన్నతల్లి సిమ్ అందులో వేసి, ఆమె చేతికిచ్చింది. “ఇదిగో, మీ ఆయన సేత్తే ఇందులో మోగుతాది. అది మా ఆయనకి ఇచ్చీ.”

రెండో చిక్కు చెప్పక తప్పలేదు. లోపలికి దిగాలంటే కంపెనీవాడు వేసిన తాళం విరగ్గొట్టాలి. అది వికటిస్తే పోయినవి రాకపోగా ఉన్నవి కూడా తుడిచిపెట్టుకుపోతాయి. చిన్నతల్లి ఉన్నవాటిని ఒకసారి చూసుకుంటానంది. తెర మీద పైనుంచి కిందికి అన్నీ ఒకటే మాట. వచ్చీసినాను. వచ్చీసినాను. వచ్చీసినాను. మొగుడు క్షేమంగా తిరిగొచ్చిన సార్లన్నీ ఆ ఫోన్లో ఉన్నాయి. వాటి మీద వేలు ఆనించి చివరిదాకా జరిపింది.

“ఏటంతావు మావా?”

“నీ మొగుడు, నీ ఫోను. నీ ఇట్టం” అన్నాడు సూరయ్య. కోపంగా అనలేదు.

“సెయ్యి బాబూ.”

కేబుల్ పెట్టాను. ఫోన్ నల్లబడింది. కంపెనీ గుర్తు వచ్చింది, ఆగింది, పోయింది. మళ్లీ నలుపు. బోర్డు పెట్టిన రోజుని తిట్టుకున్నాను. రూబీ కళ్లు మూసుకుంది. ప్రార్థిస్తోందో, నన్ను తిడుతోందో తెలియలేదు. చిన్నతల్లి మాత్రం కన్నార్పకుండా ఆ నల్లటి అద్దాన్నే చూస్తోంది. చాలాసేపటికి ఫోన్ వెలిగింది. వచ్చీసినానులన్నీ ఉన్నాయి.

లోపలి సరుకంతా లాప్‌టాప్‌లోకి లాగి తెరిచాను. మొదట అంతా చెత్త. అర్థం లేని గుర్తులు, గళ్లు, సున్నాలు. అలా జరుపుకుంటూ పోతుంటే, ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు మాట ఒకటి ఆ చెత్తలో కనిపించింది. *పోయొస్తాను.*

ఇంకొంచెం జరిపాను. *పోయొస్తాను పిల్లా. గ్యాసు అయిపోతే అయ్యకి సెప్పు.* ఇంకా కిందికి. *పోయొస్తాను. పాపకి జరం తగ్గినాదా?* ఆ తరవాత, *పోయొస్తాను. కోపం వద్దు.* తవ్వేకొద్దీ వస్తూనే ఉన్నాయి. ఏళ్ల తరబడి ఆ అమ్మాయి ఒక్కొక్కటే తీసేసిన మాటలు, ఒక్కటీ ఎక్కడికీ పోలేదు. వచ్చినవన్నీ పైన ఉంటే, వెళ్లినవన్నీ అడుగున ఉన్నాయి. ఈ పని నాకు కొత్త కాదు. ఎందరివో రంకులూ బొంకులూ తీసి ఇచ్చాను. కానీ ఆ రోజు నా ఒళ్లు గగుర్పొడిచింది. అరచేతిలో పట్టే రేకుముక్క ఇన్నాళ్లూ ఒక మనిషి మాటని నేల మీద పడనివ్వకుండా దాచింది. దేవుడు మన మాటలన్నీ లెక్కలో ఉంచుతాడని ఆదివారం ఆదివారం వింటూనే ఉన్నాను. అది నిజంగా ఎలా ఉంటుందో మొదటిసారి కళ్లారా చూశాను.

“ఇది పాప పుట్టిన ఏడు” అంది చిన్నతల్లి తెర మీద వేలు పెట్టి. “ఇది నానలిగి పుట్టింటికి ఎల్లినప్పుడు. ఇయన్నీ ఇక్కడే ఉన్నాయేటి బాబూ? నాను తీసీసినాను కదా!”

కావలసింది మాత్రం కనిపించలేదు. ‘పోతన్నాను’ అని కొట్టి వెతికించాను. లాప్‌టాప్ చాలాసేపు గింజుకుంది. చివరికి ఆగింది.

ఆ మెసేజ్‌కి ముందు రింగ్‌టోన్ ప్రకటన వచ్చి కూర్చుంది. వెనక ఎవరిదో పరామర్శ. మధ్యలో ఎర్రయ్య మాట చెక్కు చెదరకుండా ఉంది. సూరయ్యకి చదువు రాదు. నేను గట్టిగా చదివాను.

“బోటు మారి పోతన్నాను. సాగర్‌మోతీ ఇంజను బాగోలేదు. దరియాకృప ఎక్కినాను. మన ఊరోల్లు ఎవులూ లేరు ఇందల. దిగులెట్టుకోకు. పోయొస్తాను.”

చిన్నతల్లి వంగి తెర మీద ఆ చివరి మాటని తనే కూడబలుక్కుని చదువుకుంది. “అన్నాడు మావా” అంది. “అడుగున అన్నాడు.” అప్పుడు ఏడ్చింది. అంతవరకూ ఆ అమ్మాయి కంట నీటిబొట్టు లేదు.

సూరయ్య లాప్‌టాప్‌ని రెండు చేతులా తాకి కళ్లకద్దుకున్నాడు. తరవాత కోడలి మణికట్టు పట్టుకుని, “గాజులు తియ్యమన్నోల్ల నోట్లో మన్నడిపోను! నా నోట్లో కూడాను” అన్నాడు.

నా ఫోన్‌తోనే వేరావల్‌లో తనకి తెలిసిన బోటు ఏజెంటుకి చేశాడు. దరియాకృప పేరు వినగానే అతను కనుక్కుని చెబుతానన్నాడు. మేం ఎవరమూ అన్నం తినలేదు. మధ్యాహ్నానికి ఆ ఏజెంటే తిరిగి ఫోన్ చేశాడు. గాలి ఆ బోటుని దక్షిణంగా చాలాదూరం నెట్టేసిందట, ఎక్కడో ఒక చిన్న రేవులో తలదాచుకున్నారట, అందరూ బతికే ఉన్నారట. ఫోన్లు తడిసిపోయాయట. ఎర్రయ్య అందులోనే ఉన్నాడని ఆ రేవులోవాళ్లు చెప్పారట.

సాయంత్రం వెలుగుండగానే రూబీ బటన్ల ఫోన్ మోగింది. తెలియని నంబరు. దాని శబ్దం ఎంత పెద్దదంటే, అవతలివాడి మాట షాపంతా వినిపించింది.

“పిల్లా, వచ్చీసినాను.”

“మల్లీ ఎప్పుడైనా మొదట పోతన్నానని రాత్తే, నానే సంపేత్తాను నిన్ను!” అంది చిన్నతల్లి. ఆ తరవాత ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో వినకుండా రూబీ నన్ను నక్షత్రం కట్టమని బయటికి తోసేసింది.

వెళ్లేముందు చిన్నతల్లి లాప్‌టాప్ దగ్గరికి వచ్చింది. “ఆ మెసేజ్ ఇంకా ఇందల ఉన్నాదా బాబూ?”

“ఉంది. నీ ఫోన్లో మళ్లీ వేసిమ్మంటావా?”

“వద్దు. ఆయన వచ్చీసినాడు కదా. ఇంక దాన్ని తీసీయాల.”

పొద్దుటినుంచి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తవ్వి తీసిన మాట అది. అయినా ఏ బటన్ నొక్కాలో చూపించాను. ఆ అమ్మాయి తన చేత్తోనే నొక్కింది, గాజులు గలగలమన్నాయి, తెర మీద మాట మాయమైంది. తీసేస్తే పోదని నేను చెప్పింది ఆమె మరిచిపోలేదు. నావైపు చూసి నవ్వింది.

“ఎల్లొత్తాం బాబూ” అన్నారు ఇద్దరూ.