నా జుట్టులో ఎర్ర పెన్ను

నాది ఉంగరాల జుట్టు. దువ్వితే అణగదు సరికదా, పగబట్టినట్టు ఇంకా పైకి లేస్తుంది. సికింద్రాబాద్ సీతాఫల్‌మండిలో నేను పాఠాలు చెప్పే బడిలో పిల్లలకు దాంతో ఏ ఇబ్బందీ లేదు. హెడ్‌మిస్ట్రెస్ శారదమ్మ గారికే పడదు.

"దేవకృపా, రేపు ఇన్‌స్పెక్షన్. టీచరంటే టీచర్ లెక్క కనపడాలె. జెర నూనె పెట్టి, గట్టిగ జడ ఏసుకొని రా," అన్నారు.

అంటూనే అలవాటుగా నా జుట్టులోంచి ఎర్ర పెన్ను లాక్కుని సంతకం పెట్టారు. నాకు ఒళ్ళు మండింది. చేతికి అడ్డమని నేను పెన్నులన్నీ జుట్టులోనే గుచ్చుకుంటాను. స్టాఫ్‌రూమంతటికీ అదే పెన్‌స్టాండు.

మర్నాడు మా అమ్మ రోసమ్మ అరగిన్నె కొబ్బరినూనె పోసి, కనుబొమలు పైకి లేచేంత బిగించి జడ వేసింది.

ఇన్‌స్పెక్టర్ గారు క్లాసులన్నీ చూసి మెచ్చుకున్నారు. రిజిస్టర్‌లో సంతకం పెట్టబోతే ఆయన పెన్ను రాయలేదు. శారదమ్మ గారు ఆయనవైపే చూసి నవ్వుతూ నా తలమీదికి చెయ్యి చాచారు. వేళ్ళు సర్రున జారాయి. కంగారులో అదే చేత్తో రిజిస్టర్ పట్టుకున్నారు. పేజీ మీద ఐదు వేళ్ళూ అచ్చుపడ్డాయి.

ఆయన వెళ్ళాక శారదమ్మ గారు కొంగుకి చెయ్యి తుడుచుకుంటూ నన్ను ఎగాదిగా చూశారు.

"గిదేం జడ తల్లీ! రేపు తలస్నానం చేసి రా. ఎర్రది, నీలిది, రెండూ పెట్టుకో."