సరేగారి పరుగు

పరుగులో ఒరుసుకోకుండా ఒక కాలివేళ్ల సందుల్లో వాజిలీన్ రాసుకోవడం అయింది. రెండో కాలు ముందుకు చాపేలోగా పక్కనున్న పళ్ల డాక్టరు చెయ్యి చాపాడు. సరేగారు డబ్బా ఇచ్చేశాడు. అది చేతులు మారి, పరుగుల క్లబ్బువాళ్లందరి పాదాలూ చూసి, అడుగంటి తిరిగొచ్చింది. ఆయన అంచులు గీకి, ఉన్నదానితో సరిపెట్టుకుని మేజోడు తొడుక్కున్నాడు.

క్లబ్బులో ఆయన్ని అందరూ సరేగారంటారు. పొట్టి మనిషి, బక్క కాళ్లు, చెవుల మీద నెరిసిన వెంట్రుకలు, గోళ్ల కింద ఎప్పుడూ ఏదో ఒక రంగు. రంగుల దుకాణంలో యంత్రం దగ్గర నిలబడి, అడిగినవాళ్లకు అడిగిన రంగు కలిపివ్వడం ఆయన ఉద్యోగం. డబ్బా నిండా కలిపాక "ఇది కాదండీ, ఇంకాస్త లేతగా" అంటే సరే అంటాడు. సగం గోడకు పూసేసి మిగతా సగం వాపసు తెచ్చినా సరే అంటాడు. దానికి యజమాని తిట్టే తిట్లకూ సరే అంటాడు. బావమరిది వారం రోజులకని తీసుకెళ్లిన స్కూటరు అక్కడే ముసలిదై తుప్పు పట్టిపోయింది. దుకాణంలో పెద్ద గుమాస్తా పని ఖాళీ అయినప్పుడు, తనకన్నా వెనక చేరినవాడు "నాకు అవసరం అన్నా" అన్నాడని తప్పుకున్నాడు.

భార్య ఊరుకునే మనిషి కాదు. "మొహమాటానికి పోతే కడుపొచ్చిందంట ఎవరికో. మీరు ఆడదానిగా పుట్టకపోవడం లోకం చేసుకున్న అదృష్టం," అనేది. దానికీ ఆయన నవ్వి, సరే అనేవాడు.

క్లబ్బులో చేరడమూ అలాంటిదే. కెప్టెన్ తన ఇంటికి రంగులు కొనడానికొచ్చి, మాటవరసకు "రేపు పొద్దున్నే రండి, కలిసి పరిగెడదాం" అన్నాడు. కెప్టెన్ అలా చాలామందిని పిలుస్తాడు. తెల్లారేసరికి నిజంగా వచ్చి నిలబడ్డవాడు ఈయనొక్కడే. విచిత్రమేమిటంటే పరుగు ఆయనకు నచ్చింది. పరిగెత్తుతున్నంతసేపూ ఆయన్ని ఎవరూ ఏమీ అడగరు.

ఈ యాభై కిలోమీటర్ల పందేనికి మాత్రం ఆయన్ని ఎవరూ పిలవలేదు. "మీకెందుకండీ అంత దూరం, చిన్న పందెం ఉందిగా" అని కూడా అన్నారు. ఆయనే వెళ్లి పేరిచ్చి, ఇంటికొచ్చి చెప్పాడు. భార్య బట్టలు మడతపెట్టడం ఆపి చూసింది.

"ఈసారి ఎవరడిగారు?"

"ఎవరూ అడగలేదు."

"మరి?"

"నాకే పరిగెత్తాలనిపించింది."

ఆవిడ చేతిలోని చొక్కాను విప్పి మళ్లీ మడిచింది. "ఐతే పూర్తిచేసి రండి. ఎవరికో దారిచ్చి మధ్యలో పక్కకు తప్పుకున్నానని వచ్చారంటే మాత్రం నేనూరుకోను," అంది.

ఊరవతల సరుగుడు తోట. దాని చుట్టూ మట్టి రోడ్డు. ఆ రోడ్డునే మళ్లీ మళ్లీ చుట్టాలి. ఆకాశం మబ్బు పట్టి ఉంది, చల్లగాలి వీస్తోంది. ఇలాంటి రోజు దొరకడం అదృష్టమని అందరూ అనుకున్నారు.

క్లబ్బుకు ఒక కట్టుబాటుంది. కొన్నేళ్ల కిందట మండుటెండలో ఒక సభ్యుడు నీళ్లు లేక దారిలో పడిపోయాడు. బతికాడు గాని, అప్పట్నుంచి తోటివాణ్ణి ఉత్తచేతులతో దాటి వెళ్లకూడదని నియమం పెట్టుకున్నారు. ఆగి, తమ సీసాలోంచి తాగించి మరీ వెళ్లాలి. తిన్నటి దారిలో మంచి నియమమే. గుండ్రటి దారిలో అందరికన్నా వెనకున్నవాణ్ణి మిగతా అందరూ పదే పదే దాటుతారని మాత్రం ఎవరికీ తట్టలేదు.

మొదట కెప్టెన్ వచ్చాడు. "సరేగారూ, తాగండి." ఆయన తాగాడు. తర్వాత బ్యాంకావిడ వచ్చింది. "అన్నయ్యగారూ, ఇంకొంచెం, సీసాలో మిగిల్చి నాకెందుకివ్వడం?" ఆ మిగిలింది కూడా తాగాడు. పళ్ల డాక్టరు, లెక్కల మాస్టారు, మళ్లీ కెప్టెన్. దాటినవాళ్లంతా వీపు తట్టి వెళ్లారు. దారిలో నీళ్ల బల్లలున్న చోటల్లా ఎవరో ఒకరు గ్లాసు అందించారు. ఆ చల్లదనానికి చెమట పట్టడమే లేదు. కడుపు కుండలా బరువెక్కి, అడుగు వేసినప్పుడల్లా లోపల నీళ్లు కదులుతున్నాయి. ఐనా ప్రేమతో ఇస్తున్నారు కదా, ఎలా కాదనడం?

ఇంకో చుట్టు తిరిగేసరికి తల పగిలిపోతున్నట్టుంది. గుప్పిట మూయబోతే వేళ్లు ఉబ్బి మూసుకోలేదు. రోడ్డు పక్కన వంగి కక్కుకున్నాడు. వట్టి నీళ్లే వచ్చాయి. అప్పుడే వెనకనుంచి వచ్చిన పళ్ల డాక్టరు ఆగి నుదురు పట్టుకున్నాడు.

"ఒంట్లో నీళ్లన్నీ పోతున్నాయండీ. పోయినంతా మళ్లీ నింపుకోవాలి. ఇదిగో, మొత్తం తాగెయ్యండి."

ఎంతైనా డాక్టరు. ఆయన మొత్తం తాగాడు.

మిగిలినవాళ్లంతా పందెం ముగించుకుని, చివరి మలుపుకు ముందున్న బల్ల దగ్గరికొచ్చి ఆయన కోసం నిలబడ్డారు. మెడల్లో పతకాలు, ముఖాల్లో తీరిక. ఆయన చెట్ల మధ్యనుంచి ఒకసారి అటూ ఒకసారి ఇటూ తూలుతూ వచ్చాడు. ఇంకొక్క మలుపు. దాని తర్వాత తిన్నటి దారి, దాని కొసన గీత. ఇంటికెళ్లి భార్యకు చెప్పాల్సిన ఒక్క మాటను ఆయన ఇంతసేపూ లోపల అనుకుంటూనే ఉన్నాడు. ఇప్పుడు ఆ మాటేమిటో గుర్తు రావడం లేదు.

కెప్టెన్ నిండు గ్లాసుతో ఎదురొచ్చాడు.

"వద్దు," అన్నాడాయన.

అందరూ ఘొల్లున నవ్వారు.

"విన్నారా! సరేగారికి మొహమాటం ముదిరిపోయిందర్రా!" అన్నాడు కెప్టెన్. "మా దగ్గర మొహమాటమేంటండీ? నా చేత్తో ఇస్తున్నాను."

"వద్దండీ. నిజంగానే."

"నా మీద ఒట్టు. తాగితేగాని కదలనివ్వను."

ఒట్టు పెట్టాక ఇంక ఏమంటాడు? రెండు చేతులతో గ్లాసు పట్టుకుని, కళ్లు మూసుకుని తాగాడు. గ్లాసు తిరిగిచ్చి, కాసేపు కూర్చుంటానన్నాడు. ఎవరో ప్లాస్టిక్ కుర్చీ లాగారు.

కూర్చుని కెప్టెన్ ముఖంలోకి వినయంగా చూశాడు. "ఏ రంగు కావాలండీ?" అని అడిగాడు.

మళ్లీ నవ్వారు. ఆయన పెదవి కూడా ఒక పక్కకు వంకర తిరిగింది. అది నవ్వు కాదని ముందు బ్యాంకావిడకు తెలిసింది. అప్పటికి చేతులు కొట్టుకుంటున్నాయి, కళ్లు తేలిపోయాయి.

ఆసుపత్రిలో డాక్టరమ్మ వివరంగానే చెప్పింది. "నీళ్లు ఎక్కువైపోయాయండీ. రక్తంలో ఉప్పు పలచబడి మెదడు వాచింది. నీళ్లు తక్కువయ్యాయనుకుని ఇంకా పట్టించినట్టున్నారు." పళ్ల డాక్టరు తలుపు పక్కన నేల మీద కూలబడ్డాడు. పొద్దు వాలకముందే సరేగారు పోయాడు. పోవడంలోనూ ఎవర్నీ ఎక్కువసేపు నిలబెట్టలేదు.

భార్య వచ్చేసరికి వరండాలో అందరూ ఒకేరంగు చొక్కాల్లో తలలు వంచుకుని ఉన్నారు. లోపలికి వెళ్లి చూసింది. తలుపు దగ్గరికొచ్చి కెప్టెన్ ముందు ఆగింది.

"పూర్తిచేశారా?"

"ఒక్క మలుపు మిగిలిందమ్మా."

"అన్ని నీళ్లు ఎవరిచ్చారు?"

"అందరం ఇచ్చాం."

"వద్దనలేదా ఆయన?" అడిగిందే గాని, జవాబు తనకు తెలిసినట్టే అడిగింది.

కెప్టెన్ తలెత్తాడు. "అన్నారమ్మా. రెండుసార్లు అన్నారు. నేనే వినలేదు."

ఆవిడ "అన్నారా? ఆయనా?" అంది. వద్దు అన్న ఆ ఒక్క మాట ఆయన నోట వినాలని కాపురానికొచ్చిన నాటినుంచి పోరింది. నవ్వించినా, తిట్టినా, అలిగి పుట్టింటికెళ్లినా రాని మాట. అది వచ్చిన రోజున పక్కన తను లేదు. ఉండి ఉంటే గ్లాసు లాక్కుని నేలమీద పారబోసేది. అదే తల్చుకుని, నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది.

తోటలో పనివాళ్లు బల్లలు మడిచి లారీకెక్కించారు. ప్లాస్టిక్ కుర్చీలను ఒకదాంట్లో ఒకటి పేర్చుకుంటూ వచ్చి, ఆఖరి కుర్చీ దగ్గర ఆగారు. తన తర్వాత కూర్చునేవాళ్లకు, తన బట్టల మీద ఒలికిన నీళ్ల తడి అంటకూడదని, కూర్చోబోయే ముందు ఆయన పరిచిన చేతిరుమాలు, ఒక మూల మడతపడి, ఇంకా దానిమీదే ఉంది.