మాక్సెన్ గుట్ట

ఆయన తయారుచేసిన మొదటి ఆటను తోడల్లుడు దొంగిలించాడు. ఆట పెట్టె మీద అచ్చయిన పేరు తోడల్లుడిది ఒక్కటే. ఆ ఆటలో ప్రతి ముక్కకూ రంగు వేసిన ఆయన భార్య, జబ్బు మంచం మీద నుంచే ఆ పెట్టెను చూసి గోడవైపు తిరిగి పడుకుంది. తర్వాత కొద్దికాలానికి పోయింది. ఇందులో తేల్చాల్సిందేమీ లేదు.

శనివారం మధ్యాహ్నం దాకా ఆయన బైండింగు షాపులో అట్టలు కోశాడు. కత్తి దిగినప్పుడల్లా పక్కకు రాలే సన్నటి ముక్కల్లో గట్టివి ఏరి జేబులో వేసుకున్నాడు. జిగురు అంటీ అంటీ వేళ్ళ చివర్లు నున్నబడిపోయాయి. ఓనరు కళ్ళెదుటే ఏరతాడు, ఓనరు వద్దనడు.

"ఇవాళ ఎవరి మీద యుద్ధం?" అన్నాడు ఓనరు.

"మావాళ్ళ మీదే," అని చెప్పులు వేసుకున్నాడు.

బల్ల మీద ఆడే యుద్ధాలు తయారుచేయడం ఆయన రెండో పని. పటం గీస్తాడు, అట్టముక్కలతో సైన్యాలు కోస్తాడు, నియమాలు రాస్తాడు. ఇప్పటిది మాక్సెన్. 1759 నవంబరు. రాజు ఆజ్ఞ మీద ఒక ప్రష్యా సేనాని ఆ గుట్ట ఎక్కి కూర్చున్నాడు. ఆస్ట్రియావాళ్ళు చుట్టూ మూసేశారు. మంచులో కాళ్ళు జారుతుంటే సైన్యానికి సైన్యమే లొంగిపోయింది.

ఆటలు అచ్చేసే కంపెనీ దీన్ని రెండుసార్లు తిప్పిపంపింది. నీలికోట్ల ప్రష్యావాడికి చావడం తప్ప పనేముంది అని అడిగింది. సోమవారానికి జవాబు లేకపోతే అచ్చులో ఆ చోటు ఇంకొకరి ఆటకు. ఆయనకు జవాబు దొరకలేదు. రెండువైపులా తనే ఆడుతుంటే తన ఎత్తు తనకు ముందే తెలిసిపోతుంది.

అందుకే నిన్న తోడల్లుడు ఫోన్ చేసి "రేపు వస్తానోయ్" అంటే రమ్మన్నాడు. భార్య పోయాక అతని గొంతు వినడం అదే మొదలు. ఆటలో తనను ఓడించగలిగినవాడు అతను తప్ప ఇంకొకడు లేడు. దొంగే కావచ్చు, ఆట వచ్చు.

తోడల్లుడు మెట్లెక్కి వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. చిక్కిపోయాడు. చొక్కా కాలరు మెడకు వదులై వేలాడుతోంది.

"నీ ఇల్లు ఇంకో అంతస్తు పెరిగిందేమిటోయ్?"

"మంచినీళ్ళు కావాలా అన్నయ్యా?"

"ముందు యుద్ధం. ఓడిపోయేవాళ్ళను నాకిచ్చెయ్."

"మీరెప్పుడూ గెలిచేవాళ్ళనే కదా తీసుకుంటారు."

తోడల్లుడి నవ్వు ఆగింది. "అందుకే," అన్నాడు.

ఆయన ఆస్ట్రియా తెల్లకోట్లను అడవి అంచున వరస పెట్టాడు. నీలికోట్లు గుట్ట మీద కందకాలు తవ్వుకుని కూర్చోవాలి. తోడల్లుడు సామాను బండ్లను వదిలేసి, ముందు వరసను గుట్ట దింపి బయటపడే దారికెక్కించాడు.

"అదేమిటి? గుట్ట వదిలితే ఓడినట్టే. రాజు ఆజ్ఞ."

"రాజు ఈ గదిలో ఉన్నాడటోయ్?"

"మార్కుల లెక్క అలా ఉంది మరి."

"గుట్టకేమో మార్కులు పెట్టావు. బతికి ఇల్లు చేరినవాడికి సున్నా పెట్టావు. వీళ్ళకు పెళ్ళాం బిడ్డలు లేరనుకున్నావా?"

ఆయన పటం మీదికి వంగాడు. నెలలుగా చూస్తున్న పటంలో ఆ దారి తనే గీశాడు. దాని మీద ఎవరూ నడవకుండా నియమం కూడా తనే రాశాడు. కలం తీసి ఆ నియమం కొట్టేశాడు. దారి దాటిన ప్రతి దళానికీ నీలివాడికి మార్కు, పట్టుబడ్డ ప్రతి దళానికీ తెల్లవాడికి మార్కు.

"ఇప్పుడు రా," అన్నాడు తోడల్లుడు, చేతులు రుద్దుకుంటూ.

ఇక కూర్చోవడం ఆయనవల్ల కాలేదు. బల్ల చుట్టూ తిరుగుతూ తెల్లకోట్లను రెండువైపుల నుంచి తోశాడు. మంచు వాలు మీద పాచిక చిన్నది పడితే దళం జారి ఆగిపోతుంది. తోడల్లుడిది జారింది. "ఓరి నీ మంచు మండిపోనూ!" అని అరిచాడు. తెల్ల గుర్రాలు దారి నోటిదాకా వచ్చేశాయి. ఇంకొక్క ఎత్తు, అంతే, మూత పడుతుంది. తోడల్లుడు ఒక దళాన్ని వెనక్కి తిప్పి ఆ నోట్లో అడ్డంగా నిలిపాడు.

"వీళ్ళు పోతారు అన్నయ్యా."

"తెలుసు. మిగతావాళ్ళు వెళ్ళాలిగా."

ఆయన పాచిక వేశాడు. అడ్డం నిలిచిన దళం ఒక్క ఎత్తుకు తట్టుకుంది, తర్వాత తుడిచిపెట్టుకుపోయింది. సగానికి పైగా నీలికోట్లు గట్టెక్కాయి.

"పారిపోయి గెలిచానురోయ్!" బల్ల మీద చరిచాడు తోడల్లుడు. ఊపిరి అందక దగ్గుతూ నవ్వాడు, కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నాడు.

"ఈసారి ఆ దారి ముందే మూసేస్తాను."

"మూసుకో. అడవిలోంచి పోతాను."

ఆట బతికింది. ఆయన కాగితాలు ముందేసుకుని రాయడం మొదలుపెట్టాడు. మాటలు ఒకదాన్నొకటి తోసుకొస్తున్నాయి.

తోడల్లుడు గుమ్మం దగ్గర ఆగాడు. "నీతో ఒక మాట చెబుదామని వచ్చాను. ఆ పెట్టె..."

"తర్వాత అన్నయ్యా. వేడి మీదుండగానే ఇది రాసెయ్యాలి."

"రాయి, రాయి."

మెట్ల మీద అడుగులు ఆగి ఆగి దిగిపోయాయి.

చీకటి పడేసరికి నియమాలు పూర్తయ్యాయి. తయారుచేసినవారు అన్నచోట తన పేరు రాశాడు. కాసేపు చూశాడు. దాని కింద తోడల్లుడి పేరు రాశాడు, అంతే పెద్ద అక్షరాలతో. క్షమించి కాదు. దారి కనిపెట్టింది అతను. ఇంకొకడి సొమ్ము తినడం ఆయనకు చేతకాదు.

ఫోన్ మోగింది. వదిన, భార్యకు అక్క.

"మీ అన్నయ్య పోయారు మరిదీ. ఇప్పుడే వచ్చారు. చెప్పులు విప్పుకుంటూ, పారిపోయి గెలిచానే అని నవ్వారు. నేను నీళ్ళు తెచ్చేలోపే..."

ఆయన గోడకు ఆనుకున్నాడు. "వస్తున్నాను వదినా."

"ఆ పెట్టె సంగతి నీతో మాట్లాడాలనే వచ్చారయ్యా. లోపల్లోపల నలిగిపోయారు. మాట్లాడారా?"

ఆయన బల్ల మీది కాగితాల వైపు చూశాడు.

"మాట్లాడారు."

"ఏమన్నారు?"

"అది మా ఇద్దరిదీ వదినా. ఇక ఆ మాట నన్నెవరూ అడగొద్దు. చచ్చేదాకా నేనూ ఎత్తను."

చొక్కా మార్చుకుని, తాళం తీసుకుని, దీపం ఆర్పబోతూ ఆగాడు. మాక్సెన్ గుట్ట మీద తోడల్లుడి కళ్ళజోడు ఉంది. దాని ఒక కాడ తెరుచుకుని, దారికి అడ్డంగా పడి ఉంది.