వల మూతి విప్పకుండా

సరిహద్దు నది ఒడ్డున ఉన్న మా తాఖెక్ ఊళ్లో మనిషి దబ్బున పడితే ప్రాణమంతా ఒకేసారి లేచి రాదు. ఒక ముక్క అక్కడే బెదిరి కూర్చుంటుంది. ఇంటి పెద్దావిడ చేపలు తోడే పిడి వలతో వెళ్లి దాన్ని తోడి తేవాలి. మా అమ్మ నన్ను రెండుసార్లు తోడింది. ఒకసారి గేదె మీంచి పడ్డాను. రెండోది వేరే కథ.

సోల్వీ మా మేడమీది గదిలో నాలుగు రోజులుగా ఉంటోంది. నార్వే మనిషి, యాభై దాటినది, ఒంటరిగా తిరుగుతోంది. ఆ ఉదయం అద్దె బండి మీద గుహలు చూడబోయి, మలుపు దగ్గర కంకరలో జారిపడింది. టుక్‌టుక్ నడిపే ఖాంసింగ్ ఆమెను ఆసుపత్రిలో చేర్చి నాకు కబురు చేశాడు.

జిగురన్నం బుట్ట పట్టుకుని వెళ్లాను. నుదురు బొప్పి కట్టింది. ఏం అడిగినా తన భాషలో ఒకే ముక్క గొణుగుతోంది.

డాక్టర్ పెత్సమోన్ అంది: "పైకి దెబ్బ చిన్నదే అవ్వా. సాయంత్రం దాకా చూద్దాం. ఏ మందులు వాడుతుందో తెలిస్తే బాగుండేది. నడుం సంచి చిరిగి ఖాళీగా ఉంది. ఈవిడ మనుషులెవరు?"

మా ఆసుపత్రిలో రోగి పక్కన ఇంటి మనిషి ఉండాల్సిందే. అన్నం పెట్టాలి, చీటీ పట్టుకెళ్లి మందు తేవాలి.

"నేనే. పెద్దమ్మనని రాసుకో తల్లీ."

"అవునవును, ముక్కులు ఒక్కలాగే ఉన్నాయి," అని నవ్వి రాసుకుంది.

ఇంటికెళ్లి వల, ఉడికించిన గుడ్డు తీసుకుని ఖాంసింగ్ బండెక్కాను.

"అత్తా, ఆ ముక్కకి మన మాట అర్థమవుతుందా?" అన్నాడు.

"ఆకలికి భాషేమిట్రా? గుడ్డు చూపిస్తే అదే వస్తుంది."

మలుపు దగ్గర గడ్డి మోకాలి దాకా ఉంది. "రావే సోల్వీ, అన్నం చల్లారిపోతోంది," అంటూ మూడుసార్లు తోడి, మూతి మెలిపెట్టి గట్టిగా పట్టుకున్నాను. రోగి పక్కకి చేరేదాకా ఆ మూతి విప్పకూడదు.

"అవ్వా! ఇది ఆసుపత్రి, పొలం గట్టు కాదు. బురద బయట దులిపి రండి," అని ఆసుపత్రి గుమ్మంలోనే డాక్టరమ్మ అడ్డం నిలబడింది.

"విప్పితే పారిపోతుంది తల్లీ. ఇంత దూరం తెచ్చాను."

నా వంక చూసింది, వల వంక చూసింది. తర్వాత తనే మంచం పక్కన పాత పేపరు పరిచింది. "మా అమ్మమ్మా ఇంతే. కానివ్వండి, త్వరగా."

కుమ్మరించాను. గడ్డి, బురద, ఒక నత్త, మాత్రలున్న వెండి రేకు. చెత్తే కదా అని రేకును పక్కకు తోయబోతే డాక్టరమ్మ నా చెయ్యి పట్టుకుంది. అక్షరాలు చదివేసరికి ఆమె ముఖం మారిపోయింది.

"ఇది రక్తం గడ్డకట్టనివ్వని మందు. ఈవిడదేనా?"

"రోజూ కాఫీ పక్కన ఇలాంటి రేకే ఉండేది. మొన్న ఒకటి నేనే ఊడ్చాను."

"తలలో రక్తం కారుతుంటే ఇక ఆగదు. సాయంత్రం దాకా చూడటానికి లేదు. నది వంతెన దాటించి అవతలి దేశంలో పెద్దాసుపత్రికి చేర్చాలి, ఇప్పుడే!"

నేనూ అంబులెన్సు ఎక్కాను, గుడ్డు చేతిలోనే ఉంది. అవతలి ఒడ్డున తలకు ఫోటో తీశారు. లోపల రక్తం కారుతోందట. ఆ మందుకు విరుగుడు ఇచ్చి, ఆపరేషన్ చేశారు. ఇంకాస్త ఆలస్యమై ఉంటే దక్కేది కాదన్నారు.

మూడు వారాలకు సోల్వీ సగం గుండుతో మా ఇంటికి వచ్చింది. తిరిగొచ్చిన ప్రాణం మళ్లీ జారిపోకుండా చేతికి తెల్లదారాలు కట్టడానికి పెద్దలందరూ కూర్చున్నారు. మొదటి దారం నేను డాక్టరమ్మకి కట్టాను. నేను తోడి తెచ్చినదాన్ని చదవడం నాకు రాదు. బురదకి పేపరు పరిచి, ఆ రేకును పోనివ్వని చెయ్యి అది.

సోల్వీ నా చేతులు రెండూ పట్టుకుని ఏడ్చింది. తర్వాత ఖాంసింగ్ చేత అడిగించింది, తన ముక్క మొత్తం వచ్చిందా అని.

"మొత్తం వచ్చిందని చెప్పరా," అన్నాను, "నత్తతో సహా."