పళ్ల డాక్టరుగారి పన్ను

కోడలి ఆఫీసు ముందుగదిలోనే. ఒక మడత బల్ల, లాప్‌టాప్, హెడ్‌ఫోన్లు, వెనకాల ఒక కర్టెన్. కర్టెన్‌కు అవతల అత్తగారి కుర్చీ. కోడలు వర్చువల్ అసిస్టెంట్. ఇతరుల ఉత్తరాలు, ఫోన్లు, అపాయింట్‌మెంట్లు ఇంట్లో కూర్చుని చూస్తుంది. వాళ్లెవరో, వాళ్ల సంగతులేమిటో ఎవరికీ చెప్పనని సంతకం పెట్టింది. చెబితే ఉద్యోగం పోతుంది. ఒకరి దగ్గర పోతే మిగిలినవాళ్ల దగ్గరా పోతుంది.

ఆ సంతకం అత్తగారికి నచ్చలేదు.

"జీతమిచ్చేవాడి పేరు కూడా చెప్పకూడదా? వాడు దొంగో దొరో చూసుకున్నావా?"

"పెదవి దాటితే పృథివి దాటుతుంది అత్తయ్యా."

"నా పెదవి ఎప్పుడు దాటిందే?"

అత్తగారి నోట్లో నువ్వుగింజ నానదని వీధి మొత్తానికి తెలుసు. వీధికి ఆ సంగతి చెప్పింది కూడా అత్తగారే.

కోడలు పనిచేసిపెట్టేవాళ్లలో ఒకాయన ఆ ఊళ్లోనే పళ్ల డాక్టరు. అత్తగారు పళ్లు చూపించుకునేదీ ఆయనకే. ఆమె కింది దవడలో పన్ను పుచ్చింది. పీకాలన్నాడు డాక్టరు. ఆమె లేచి ఇంటికి వచ్చేసింది.

"చిన్నపిల్లలా ఆ భయమేంటమ్మా అన్నాడే, అందరి ముందూ! తనదాకా వస్తే తెలుస్తుంది."

ఆయనదాకా వచ్చి చాలాకాలమైంది. డాక్టరుకు జ్ఞానదంతం పీకించుకోవాల్సి ఉంది. పీకాల్సింది ఆయనకు చదువు చెప్పిన ప్రొఫెసరు. తారీఖు దగ్గరపడినప్పుడల్లా కోడలికి మెసేజ్ వస్తుంది: "ఏదో ఒకటి చెప్పి వాయిదా వేయించండి. ఈ సంగతి బయటపడితే నా కుర్చీలో ఎవడూ కూర్చోడు." కోడలు ఏదో ఒకటి చెబుతూ వచ్చింది. కారు చెడింది. కప్పు కారింది. బావమరిదికి రెండుసార్లు పెళ్లయింది.

'ఆయనకూ భయమే అత్తయ్యా' అని ఒక్క మాట అంటే అత్తగారు లేచి వెళ్లి పన్ను పీకించుకుంటుంది. సాయంత్రానికల్లా ఆ మాట వీధి చివర ఉంటుంది. కోడలు మంచినీళ్లు తాగి ఆ మాట మింగేసింది.

అత్తగారి చెంప వాచింది.

"వాయిదాలు మార్చడమేగా నీ పని. నాదీ మార్చు."

కోడలు అత్తగారి ఫోన్ నుంచి ఆసుపత్రికి మెసేజ్ పెట్టేది. బల్ల దగ్గరకు వచ్చి దాన్ని తనే తెరిచేది. "భయపడాల్సిన పని లేదు, తప్పక రండి" అని డాక్టరు తరఫున జవాబు రాసేది. కర్టెన్ వెనక ఫోన్ మోగేది.

"ఇది రాసినవాడెవడో గానీ, వాడికి అత్త లేదే. ఉంటే ఇలా రాయడు."

ఒకరోజు పొద్దున్నే రెండు వాయిదాలూ ఒకేసారి మీదపడ్డాయి. బాత్రూములో పైపు పగిలిందనీ, ప్లంబరు వచ్చేదాకా ఇల్లు వదలడానికి లేదనీ డాక్టరు తరఫున ప్రొఫెసరుకు రాసి, డాక్టరుకొక కాపీ పంపింది. అత్తగారి కోసం మరో సాకు తట్టలేదు. అదే ఎత్తి ఇక్కడా పెట్టేసింది. ఆ రోజు ఆసుపత్రి మెసేజ్‌లు డాక్టరే చూసుకుంటున్నాడు.

ఫోన్ మోగింది.

"ఏంటమ్మా ఇది? నా పైపు ఆవిడింట్లో ఎలా పగిలింది?"

కోడలు కర్టెన్ వైపు చూసి, ఫోన్‌తో గుమ్మం దాటి వీధిలోకి వచ్చింది.

"ఆవిడ మా అత్తగారండి. ఇద్దరి సాకులూ నేనే రాస్తున్నాను. సరుకు అయిపోయింది. మీ మాట ఒక్కటి కూడా చెప్పలేదండి."

"ఒకే ఇంట్లో ఉండి చెప్పలేదంటే నమ్మమంటారా? ఆవిడను తీసుకురండి, నేనే అడుగుతాను. తెలిసిందని తేలితే మీ పని ఇవాళ్టితో సరి."

కోడలు లోపలికి వెళ్లింది.

"డాక్టరు మాట్లాడాలంటున్నాడు అత్తయ్యా."

"నోరు తెరవమంటాడా?"

"మాట్లాడటానికేనట."

"దానికైతే వస్తా."

ఆసుపత్రిలో అత్తగారు లోపలికి వెళ్లింది. కోడలు బయట బెంచీ మీద కూర్చుంది. తలుపు పలచన.

"మీ కోడలు నా గురించి ఏమైనా చెప్పిందా అమ్మా?"

"మీ గురించి దానికేం తెలుసు?"

"నా దగ్గర పనిచేస్తున్న సంగతి?"

"మీ దగ్గరా!"

"అదీ చెప్పలేదా!" డాక్టరు గొంతు తేలికపడింది. "అయితే నేను పన్ను పీకించుకోవడానికి భయపడి వాయిదాలు వేస్తున్నాననీ చెప్పలేదన్నమాట."

బయట కోడలు నెత్తిన చెయ్యి పెట్టుకుంది.

లోపల అత్తగారి నవ్వు మొదలైంది. ఆగింది. మళ్లీ మొదలైంది. "నువ్వటయ్యా నన్ను చిన్నపిల్ల అన్నది! పీకు నాయనా, పీకు. నీకంటే నేనే నయం." తర్వాత పళ్లెంలో ఏదో టంగుమంది. ఒక "అమ్మో" వినిపించింది. అది ఎవరిదో కోడలికి తెలియలేదు.

అత్తగారు చెంపలో దూదితో బయటికి వచ్చింది. ఆమె వెనకే డాక్టరు.

"మీ ఉద్యోగానికి ఢోకా లేదమ్మా. ఆవిడకేమీ తెలియదు." ఆగాడు. "అంటే, ఇందాకటిదాకా."

"ఎవరికీ చెప్పవద్దని అడిగారా?"

"అడిగాను. దూది పెట్టాక గుర్తొచ్చి అడిగాను. తల ఊపారు. ఎటు ఊపారో అర్థం కాలేదు."

దారిలో మూలమీది దర్జీ మిషను ఆపాడు. "ఏమన్నాడు పిన్నిగారూ డాక్టరు?"

అత్తగారు నోరు తెరవబోయింది. దూది జారబోయింది. చెంప పట్టుకుని, తర్వాత చెబుతానని చేత్తో సైగ చేసింది. ఆమె కళ్లు మెరుస్తున్నాయి.

ఇంటికి చేరేసరికి మెసేజ్ ఉంది: "ప్రొఫెసరుగారికి ఇవాళే కుదురుతుందేమో కనుక్కోండి. ఆవిడ దూది తీసేలోపు నా పన్ను పోవాలి. పీకించుకున్నాక ఎవరేమన్నా పుకారే."

కోడలు ఫోన్ చేసింది. ఇప్పుడే పంపించమన్నాడు ప్రొఫెసరు. డాక్టరుకు ఆ కబురు పెట్టి కోడలు తల తిప్పింది. అత్తగారు అద్దం ముందు నిలబడి రెండు వేళ్లు నోట్లో పెట్టింది. కిటికీ అవతల దర్జీ వచ్చి నిలబడి ఉన్నాడు.

"ఆగండి అత్తయ్యా!" అని కోడలు దూది కట్ట పట్టుకుని పరిగెత్తింది. "కొత్తది పెడతాను."